సాగరం దాటిన అష్టభుజుడు: ఒక కొండవీటి అర్చకుని కంబుజ యాత్ర

శ్రీ గురుభ్యో నమః.

కొండవీటి గిరిదుర్గం నీడలో ఒక చిన్న గ్రామంలో శ్రీమన్నారాయణుని నిత్యార్చన చేసుకొనే వైఖానసుడను నేను. ముప్పై సంవత్సరాలకు పైగా ప్రత్యూషకాలంలో ఆలయద్వారం తెరచినప్పుడు నా కన్నులకు మొదట కనిపించేది ఆ కొండయే. దాని శిఖరాలమీద బురుజులు, శిథిలాలయాలు, ఎండిన కోనేళ్లు ఉన్నాయని అందరికీ తెలుసు. అందరికీ తెలిసినంతే నాకూ తెలుసు. అంతకుమించి తెలుసుకోవాలన్న జిజ్ఞాస నాకు కలిగింది ఇక్కడ కాదు. సముద్రానికి ఆవల, కంబుజ దేశంలో. ఇందులో కొంత చరిత్ర, కొంత శాస్త్రవిచారం ఉన్నాయి. చివర నా స్వకీయమైన ఒక దోషాన్ని కూడా నివేదిస్తున్నాను.

సముద్రయానం: శాస్త్రవిచారం

గత మాఘమాసంలో మా ఆలయభక్తులు కొందరు కంబుజ దేశయాత్ర సంకల్పించి, "ఆచార్యులవారూ, మీరు కూడా వస్తే ఆ ఆలయాల తత్త్వం మాకు తెలుస్తుంది" అని నిర్బంధించారు. నేను వెంటనే అంగీకరించలేకపోయాను. బోధాయన ధర్మసూత్రం పతనీయ కర్మలను చెబుతూ సముద్రసంయానాన్ని మొట్టమొదట పరిగణించింది. కలివర్జ్య ప్రకరణాలలో నిబంధనకారులు ఇంకా కఠినంగా, సముద్రయాత్ర చేసిన ద్విజుని స్వీకారాన్ని కూడా నిషేధించారు. 1970ల దశాబ్దం నుండి అమెరికాలోని పిట్స్‌బర్గ్ మొదలైన నగరాలలో వెలసిన వేంకటేశ్వరాలయాలకు మన ప్రాంతపు అర్చకులు వెళ్లి సేవలు చేస్తున్న మాట నిజమే. అయినా ఒకరు చేశారన్నది నాకు ప్రమాణం కాదు గదా. నరసరావుపేటలో ఉన్న మా వేదగురువుల సన్నిధికి వెళ్లి విన్నవించుకున్నాను. వారికి ఎనభై దాటాయి.

వారు కొంతసేపు మౌనంగా ఉండి, "నాయనా, నీవు సాయంకాలం స్వామికి ఇచ్చే హారతిలో కర్పూరం ఎక్కడిది?" అని అడిగారు.

"అంగడిలోది, గురువుగారూ."

"ఇప్పటి సంగతి కాదయ్యా. మీ కొండవీటి రాజుల కాలంలో ఎక్కడిది?"

నేను సమాధానం చెప్పలేకపోయాను. వారే చెప్పారు. కర్పూరవృక్షం మన దేశంలో సహజంగా పుట్టేది కాదు. పచ్చకర్పూరం సుమత్రా, బోర్నియో ద్వీపాల అరణ్యాలనుండి ఓడలలో వచ్చేది. "ఎవరో సముద్రం దాటితేనే గదా మన స్వామికి హారతి జరిగింది. బోధాయనులు నిషేధించారు, నిజమే. ఆయనే మరొకచోట ఉత్తరదేశీయుల ఆచారాలను ఎంచుతూ సముద్రయానాన్ని కూడా చెప్పారు. అంటే చేసేవారు ఆనాడూ ఉన్నారు. నిషేధం ఎందుకు పుట్టిందో ఆలోచించు. నెలల తరబడి నౌకలో సంధ్య లేదు, అగ్నిహోత్రం లేదు, శౌచం లేదు. ఆ మూడూ తప్పకుండా వెళ్లిరాగలిగితే వెళ్లు. వచ్చాక నా దగ్గరకు రా, ప్రాయశ్చిత్తం అప్పుడు చెబుతాను" అన్నారు.

కొండవీడు, కర్పూరం, కడలి

గురువుగారి ప్రశ్న నన్ను చరిత్రవైపు త్రిప్పింది. కాకతీయ సామ్రాజ్యం 1323లో అస్తమించిన పిదప అద్దంకి రాజధానిగా ప్రోలయ వేమారెడ్డి రాజ్యాన్ని స్థాపించాడు. ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. ఈ అనవోతారెడ్డియే 1358లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. పరదేశాలనుండి వచ్చే నావికవర్తకులకు అభయమిచ్చి, సుంకాల భారం తగ్గించాడు. దానికి శతాబ్దికి పైగా ముందే 1244లో కాకతి గణపతిదేవుడు అదే రేవులో ఒక శాసనం వేయించాడు. తుఫానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సర్వస్వాన్నీ పూర్వరాజులు హరించేవారు. ఆ దుష్టాచారాన్ని గణపతిదేవుడు విడిచిపెట్టి, సరకుల మీద ముప్పదింట ఒక వంతు సుంకం మాత్రం నిర్ణయించాడు. సముద్రంలో సర్వం కోల్పోయినవానిని ఒడ్డున మరల దోచరాదన్న ధర్మం ఆ శిలమీద ఉన్నది.

అనవోతుని కుమారుడు కుమారగిరిరెడ్డి. ఏటేటా వసంతోత్సవాలు జరిపించి, కర్పూరాన్ని ధారాళంగా వెదజల్లి, 'కర్పూర వసంతరాయలు' అన్న బిరుదు పొందినవాడు. ఆ ఉత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చినవాడు అవచి తిప్పయ్యసెట్టి. శ్రీనాథ మహాకవి హరవిలాసాన్ని ఈ వైశ్యశిఖామణికే అంకితమిచ్చాడు. సింహళంనుండి ఏనుగులు, హురుముంజినుండి గుఱ్ఱాలు, చీనానుండి పట్టువస్త్రాలు తెప్పించిన ఘనుడని ఆ కావ్యపు అవతారిక వలన తెలుస్తున్నది. కొండవీటి కొండమీద నిలబడితే సముద్రం కనబడదు. కాని ఆ కొండమీది వైభవంలో చాలా భాగం సముద్రంమీదుగా వచ్చినదే.

ఇంకా వెనుకకు వెళితే, మన పల్నాటిలోనే మాచర్లకు సమీపాన నాగార్జునకొండ. క్రీ.శ. 3వ, 4వ శతాబ్దులలో ఇక్ష్వాకుల విజయపురి అది. అక్కడ సింహళ విహారం ఉండేది. బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనంలో కాశ్మీర, గాంధార, చీన, యవన, తామ్రపర్ణి మొదలైన దేశాల ప్రస్తావన కలదు. మహాచైత్యంతోపాటు శివకేశవాలయాలు కూడా ఆ లోయలో ఉండేవి. వాటిలో ఒకటి అష్టభుజస్వామి ఆలయం. ఎనిమిది భుజాల విష్ణుమూర్తి. ఆ స్వామి పేరు చెక్కిన శంఖం కూడా అక్కడి త్రవ్వకాలలో లభించింది. నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టేముందు 1954 నుండి 1960 వరకు త్వరత్వరగా త్రవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను ఇటుకకు ఇటుక విప్పి ద్వీపంమీదికి, అనుపుకు తరలించారు. మిగిలిన లోయ జలగర్భంలో కలిసింది. ఈ అష్టభుజస్వామిని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. మరల ఆయన దగ్గరకు వస్తాను.

సంకల్పంలో ఏ దేశం చెప్పాలి?

సియాంరీప్ నగరంలో దిగిన మరునాడు బ్రాహ్మీముహూర్తంలో స్నానం చేసి సంధ్యకు కూర్చున్నాను. ఆచమనం అయింది, ప్రాణాయామం అయింది. సంకల్పం దగ్గర నోరు ఆగిపోయింది. కృష్ణా కావేరుల మధ్యదేశం, శ్రీశైలానికి ఈశాన్యం అని ఇన్నేళ్లు చెప్పిన నాలుక ఇక్కడ ఏమి చెప్పాలి? ఇది భరతఖండమా, కాదా?

విష్ణుపురాణం భారతవర్షాన్ని నవభేదాలుగా విభజించింది. ఇంద్రద్వీపం, కసేరుమంతం, తామ్రపర్ణం, గభస్తిమంతం, నాగద్వీపం, సౌమ్యం, గాంధర్వం, వారుణం అనేవి ఎనిమిది. సాగరపరివేష్టితమైన ఈ మన ఖండం తొమ్మిదవది. ఆ ఎనిమిదింటిలో కొన్ని సముద్రానికి ఆవలి భూములని పలువురు పండితులు భావించారు. కనుక 'జంబూద్వీపే, భరతవర్షే' అనడానికి ఆటంకం లేదనిపించింది. భరతఖండాన్ని మాత్రం విడిచి, శ్రీశైలం ఉన్న దిక్కుకు మనసులో నమస్కరించి, భగవత్సన్నిధిలో అని ముగించాను.

కాలం చెప్పడంలో మాత్రం ఏ సంశయమూ కలుగలేదు. కారణం చెబుతాను. మనం సంకల్పంలో చెప్పే శాలివాహన శకమే కంబుజ శాసనాలలో సర్వత్ర కనిపిస్తుంది. మన తెలుగు శాసనకర్తల వలెనే వారు కూడా శకసంవత్సరాలను భూతసంఖ్యలతో, అనగా వేదములంటే 4, బాణములంటే 5 అన్న పద్ధతిలో, శ్లోకాలలో నిబంధించారు. వారి లిపి కూడా దక్షిణాది పల్లవ లిపినుండి పుట్టినదే. నేడు వారు వ్రాసే అక్షరాల తలపై ఒక చిన్న కేశాలంకారం వంటి రేఖ ఉంటుంది. మన తలకట్టును చూసిన కంటికి అది పరాయిగా తోచదు. వీధిలో అంగళ్ల పేర్లు చూస్తుంటే, చదవలేకపోతున్నాను కాని ఎక్కడో చూసిన బంధువుల ముఖాల వలె అనిపించాయి.

అంకోర్ వాట్

'నగర' అన్న సంస్కృత శబ్దమే వారి నోట 'అంకోర్' అయింది. 12వ శతాబ్ది పూర్వార్ధంలో రెండవ సూర్యవర్మ ఈ మహాలయాన్ని విష్ణువుకు నిర్మించాడు. మరణానంతరం ఆ రాజును పరమవిష్ణులోకుడని పిలిచారు. పరిఖ వెడల్పు 190 మీటర్లు. దాని చుట్టుకొలత 5 కిలోమీటర్లకు మించినది. మధ్యశిఖరం నేలనుండి 65 మీటర్లు. ఆ అయిదు శిఖరాలు మేరుశృంగాలకు, పరిఖ సముద్రానికి ప్రతీకలు. మన ఆలయాలలో అధికభాగం ప్రాఙ్ముఖాలు. ఇది పశ్చిమాభిముఖం. విష్ణువు పశ్చిమదిశకు అధిష్ఠాత అని కొందరు, ఇది రాజు సమాధ్యాలయం కనుక అని కొందరు చెబుతారు. పశ్చిమాభిముఖ విష్ణ్వాలయాలు మన ఆగమంలో కూడా నిషిద్ధాలు కావు కనుక నాకు అది విపరీతంగా తోచలేదు.

మొదటి ఆవరణ గోడలమీద కురుక్షేత్రం, లంకాయుద్ధం, క్షీరసాగరమథనం. ఈ మథన ఫలకం ఒక్కటే దాదాపు 49 మీటర్ల పొడవు. నడుమ విష్ణువు, క్రింద కూర్మం, దేవతల వరుస చివర వాసుకి తోకను పట్టిన వానరరూపం. మరొకచోట యమసభ, చిత్రగుప్తుడు. 37 స్వర్గాలు, 32 నరకాలు, ఒక్కొక్కదానికి ఏ పాపం చేసినవారు ఏ శిక్ష అనుభవిస్తారో పేర్లతో సహా చెక్కారు. మా భక్తులు అక్కడ చాలాసేపు నిలబడ్డారు. ఒకాయన నవ్వుతూ, "ఆచార్యులవారూ, దేవాలయ ద్రవ్యం తిన్నవాళ్లది ఏ నరకమో చూడండి" అన్నారు. నేను కూడా నవ్వాను. ఆ మాట తరువాత నన్ను వెంటాడింది.

దక్షిణపు గోడమీద సూర్యవర్మ సైన్యయాత్ర ఉన్నది. ఏనుగులు, ఛత్రాలు, ధ్వజాలు. వాటి నడుమ డోలలో మోయబడుతున్న ఒక బ్రాహ్మణుడు, చుట్టూ చిన్న ఘంటలు మోగిస్తున్న బ్రాహ్మణబృందం, వారికి సమీపాన భుజాలమీద మోసే పవిత్రాగ్ని. ప్రక్కన పాత ఖ్మేర్ భాషలో 'రాజహోత' అని వ్రాసి ఉన్నదని మార్గదర్శి చదివి చెప్పాడు. దేవతల శిల్పాలు నేను జీవితమంతా చూశాను. చేతిలో గంటతో నడిచిపోతున్న నా వృత్తివానిని రాతిలో చూడడం అదే ప్రథమం. కట్టు, ఎగగట్టిన శిఖ, ఏమీ మారలేదు. ఎనిమిది వందల సంవత్సరాలుగా అతడు ఆ గంట మోగిస్తూనే ఉన్నాడు.

ఈ రాజపురోహితుల చరిత్ర విచిత్రమైనది. క్రీ.శ. 802లో రెండవ జయవర్మ మహేంద్రపర్వతంమీద చక్రవర్తిత్వం వహించాడు. హిరణ్యదాముడనే బ్రాహ్మణుడు దేవరాజ విధిని శివకైవల్యుడనే పురోహితునికి ఉపదేశించాడు. శక 974 (క్రీ.శ. 1052) నాటి స్డోక్ కాక్ థోం శాసనం ఈ వృత్తాంతాన్ని సంస్కృతంలోను, ఖ్మేర్ భాషలోను చెబుతున్నది. ఆ వంశం రెండువందల యేభై సంవత్సరాలు ఆ అర్చకత్వాన్ని నిర్వహించింది. వారసత్వం తండ్రినుండి కుమారునికి కాక, మేనమామనుండి మేనల్లునికి. అంటే ఆ బ్రాహ్మణులు అక్కడి స్త్రీలను వివాహమాడి, అక్కడి కులాచారాన్ని స్వీకరించి, మంత్రాన్ని మాత్రం నిలుపుకున్నారన్నమాట. వెళ్లినవారు దేశాచారానికి తలవంచారు, విద్యను విడువలేదు.

తా రీచ్

ఇక నేను చెప్పదలచిన ముఖ్యాంశం. పశ్చిమ గోపురంలో, లోనికి ప్రవేశించేవారికి కుడివైపున, మనిషికి రెట్టింపు ఎత్తున ఒక శిలావిగ్రహం నిలిచి ఉన్నది. ఎనిమిది భుజాలు. విష్ణువు. చేతులలోని ఆయుధాలు నశించాయి. శరీరానికి కాషాయ పీతవర్ణాల వస్త్రం చుట్టి ఉన్నది. ముందు అగరువత్తుల పొగ, తామరమొగ్గలు, అరటిపండ్లు, కొబ్బరిబొండాలు. గర్భగృహంలోని మూలవిరాట్టు ఈయనే కావచ్చునని, తరువాతి కాలంలో ఇక్కడికి తరలించారని కొందరి అభిప్రాయం.

ఒక వృద్ధస్త్రీ చీపురుతో ఆ పీఠం చుట్టూ ఊడుస్తున్నది. ఆమె బౌద్ధురాలు. ఆ దేశంలో అధికసంఖ్యాకులు బౌద్ధులే. ఈ స్వామిని వారు 'తా రీచ్' అంటారట. 'రీచ్' మన రాజ శబ్దమే. 'తా' అంటే తాత. రాజతాత! తాత అన్న పిలుపు విన్నంతనే నా కన్నులు చెమర్చాయి.

నా మనసులో శాస్త్రం మరల ప్రశ్నించింది. ఈ మూర్తికి అంగవైకల్యం కలిగింది. స్థానం మారింది. ఆగమం ప్రకారం బింబం భిన్నమైతే కలాకర్షణం చేసి, శక్తిని కుంభంలోనికి ఆవాహన చేసి, బాలాలయంలో నిలిపి, జీర్ణబింబాన్ని విసర్జించి, నూతనబింబాన్ని ప్రతిష్ఠించాలి. ఇవేవీ ఇక్కడ జరుగలేదు. మంత్రం తెలిసిన అర్చకుడు ఏడెనిమిది శతాబ్దులుగా ఈయన ముందు నిలబడలేదు. ఈ విగ్రహంలో సాన్నిధ్యం ఉన్నదా, లేదా? నేను నమస్కరించేది దేవునికా, శిల్పానికా?

ఆ వృద్ధురాలు నా పంచె, నామం చూసి ఏమనుకున్నదో, మూడు అగరువత్తులు వెలిగించి నా చేతికిచ్చి, స్వామివైపు చూపించి చిరునవ్వు నవ్వింది. ఆమెకు కలాకర్షణం తెలియదు. వైఖానసం, పాంచరాత్రం తెలియవు. ఆ మూర్తి విష్ణువని కూడా బహుశా తెలియదు. కాని ఆ పీఠంమీద దుమ్ము లేదు.

అప్పుడు నాకు నాగార్జునకొండ అష్టభుజస్వామి స్మృతికి వచ్చాడు. అక్కడినుండి ఇక్కడికి వచ్చాడని నేను అనను. నడుమ తొమ్మిది వందల సంవత్సరాల అంతరం ఉన్నది, సాక్ష్యం లేదు. కాని నా ఇంటినుండి కొన్ని గంటల దూరంలో, మంత్రం తెలిసినవారు వేలమంది ఉన్న నేలమీద, ఒక అష్టభుజుడు నీటి క్రిందికి పోయాడు. నా జిల్లావాడనైన నేను ఆయన కోసం ఒక్కసారి కూడా మనసులోనైనా దీపం పెట్టలేదు. ఇక్కడ మంత్రం తెలియనివారు మరొక అష్టభుజుణ్ణి తాతా అని పిలుస్తూ ప్రతిదినం ఊడ్చి, తుడిచి, పూలు పెడుతున్నారు.

అర్చన చేయలేదు. నాకు అధికారం లేదు. అగరువత్తులు గుచ్చి, సాష్టాంగపడి, మనసులో పురుషసూక్తం పారాయణ చేసుకొని లేచాను. వృద్ధురాలు నా నుదుటి దుమ్ము చూపించి మరల నవ్వింది.

జీర్ణోద్ధరణం ఎవరు చేశారు?

బాంటే శ్రీ ఆలయం క్రీ.శ. 967లో ప్రతిష్ఠింపబడినది. యజ్ఞవరాహుడనే పండితుడు నిర్మించాడు. స్వామి పేరు త్రిభువనమహేశ్వరుడు. గులాబి వన్నె రాతిమీద కైలాసాన్ని కదిలిస్తున్న రావణుడు, ఖాండవంపై ఇంద్రుని వర్షం, హిరణ్యకశిపుని చీలుస్తున్న నృసింహుడు ఉన్నారు. నృసింహుని చూసి మావారందరూ ఒక్కసారి గోవిందనామం చెప్పారు. 1923లో ఒక ఫ్రెంచి యువకుడు ఈ ఆలయశిల్పాలను పెకలించి తీసుకొనిపోబోయి పట్టుబడ్డాడు. తరువాత ప్రఖ్యాత రచయిత, వారి దేశంలో మంత్రి కూడా అయ్యాడు. అదే ఫ్రెంచివారి పరిశోధనసంస్థ 1931 నుండి 1936 వరకు ఈ ఆలయాన్ని రాతికి రాయి విప్పి, ఏ రాయి ఎక్కడిదో నిర్ణయించి, మరల అక్కడే నిలబెట్టింది.

ఏడవ జయవర్మ 1186లో కట్టించిన తా ప్రోంలో మహావృక్షాల వేళ్లు గోపురాలను కౌగిలించుకొని ఉన్నాయి. ఆ ఆలయశాసనం ప్రకారం దాని పోషణకు 3,140 గ్రామాలు, 79,365 మంది జనులు నియుక్తులు. నేడు 2004 నుండి మన భారత పురావస్తుశాఖవారు అక్కడ సంరక్షణ చేస్తున్నారు. అంకోర్ వాట్‌లో కూడా 1986 నుండి 1993 వరకు, ఆ దేశం అంతర్యుద్ధంలో ఉన్నప్పుడే, మనవారు పనిచేశారు.

తా ప్రోంలో ఒకచోట పడిపోయిన రాళ్లు వరుసలుగా పేర్చి, ప్రతిదానిమీద చిన్న సంఖ్య వేసి ఉన్నది. అక్షరాలున్న రాయి అయితే త్రాడు కట్టి, ఎవరూ కాలు పెట్టకుండా ప్రత్యేకంగా ఉంచారు. నేను దానిని దాటబోతే కాపలావాడు చేయి అడ్డం పెట్టాడు. "అక్షరం" అని నేను సంస్కృతంలో అన్నాను. అతడు తన భాషలో "అక్సర్" అన్నాడు. ఇద్దరిదీ ఒకే మాట. ఆ క్షణంలో, ఇరవై అయిదు సంవత్సరాలుగా నేను మరచిపోయిన ఒక రాయి నా కన్నుల ముందు నిలిచింది.

నా దోషం

మా ఆలయానికి పునరుద్ధరణ జరిగినప్పుడు నేను యువకుడను. పాత మండపం తీసివేసి సిమెంటు మండపం వేయించాము. పాత రాళ్లలో ఒకదానిమీద అక్షరాలు ఉన్నాయి. మేస్త్రీ వచ్చి, "అయ్యగారూ, ఈ బండ ఏం చేద్దాం?" అని అడిగాడు. అది చదునుగా, బలంగా ఉన్నది. "ముఖద్వారం దగ్గర మెట్టుగా వేయి" అన్నది నేనే. అక్షరాలు పైకే ఉంచి వేశాడు. అప్పటినుండి ఊరివారందరూ, నేనూ, ఉత్సవాలలో స్వామిపల్లకి మోసేవారూ, దానిమీద అడుగు పెట్టియే లోపలికి వెళ్తున్నాము.

దేవద్రవ్యాపహరణం అంటే బంగారం దొంగిలించడమే అనుకుంటాము. స్వామికి ఎవరో ఇచ్చిన దానాన్ని చెప్పే అక్షరాన్ని కాళ్లక్రింద అరగదీయడం ఏమవుతుంది? చిత్రగుప్తుని ఫలకం ముందు నవ్విన నవ్వు నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

స్వదేశానికి రాగానే గురువుగారి వద్దకు వెళ్లి, సంధ్యాదులు తప్పలేదని విన్నవించి, ప్రాయశ్చిత్తం అడిగాను. తా రీచ్ సంగతీ, మెట్టు సంగతీ కూడా దాచకుండా చెప్పాను. వారు ఇలా అన్నారు: "సముద్రం దాటినందుకు పుణ్యాహవాచనం చేసుకొని, పంచగవ్యం స్వీకరించు. అది సులభం. ఆ మెట్టుకు ప్రాయశ్చిత్తం మాత్రం మంత్రంతో తీరేది కాదు నాయనా. రాయి ఎత్తించు."

ఎత్తించాము. నీటితో కడిగి, మెత్తని కుంచెతో తుడిచాము. నడుమభాగమంతా అద్దంలా అరిగిపోయింది. పై వరుసలో 'స్వస్తిశ్రీ' అనీ, 'శకవర్ష' అనీ ఉన్నది. సంవత్సరం ఉండవలసినచోట నున్నని రాయి మాత్రమే ఉన్నది. క్రింద ఒక మూల 'అఖండదీప' అన్నంతవరకు చదవగలిగాము. ఎవరో ఒక మహానుభావుడు ఈ స్వామికి ఆచంద్రార్కం దీపం వెలగాలని గొర్రెలనో భూమినో ఇచ్చి ఉంటాడు. ఆయన పేరు, ఊరు, కాలం, దీపం ఎవరి పుణ్యం కోసమో, అన్నీ పోయాయి. ఆ పేరు నిలిచి ఉండగా నేను చూశాను. చదవలేదు. దీపం వెలిగించవలసిన నేనే దాత పేరు ఆర్పాను. ఇది ఏ రాజు దండయాత్ర వలననూ జరిగినది కాదు.

ఆ శిలను ఇప్పుడు ప్రాకారంలో నిలువుగా నిలిపాము. దానిముందు ప్రతి సాయంకాలం ఒక దీపం పెడుతున్నాను. అది శాస్త్రవిహితమైన అర్చన కాదు, ఋణం.

కొండమీద

పిదప ఇద్దరు వేదవిద్యార్థులను వెంటబెట్టుకొని కొండవీటి కొండ ఎక్కాను. ఇప్పుడు ఘాట్ మార్గం ఉన్నది. మేము పాత దారిన నడిచాము. వెదుళ్ల చెరువు, పుట్టాలమ్మ చెరువు, ముత్యాలమ్మ చెరువు చూశాము. కొండమీద అంతమంది జనానికి నీరు నిలిపిన ఆ చెరువుల ముందు నాకు అంకోరులోని 8 కిలోమీటర్ల పడమటి తటాకం గుర్తుకు వచ్చింది. పెదకోమటి వేమారెడ్డి భార్య సూరాంబ ఫిరంగిపురంలో సంతానసాగరమనే చెరువు త్రవ్వించి 1409లో శాసనం వేయించినది. చెరువును సంతానంగా భావించడం, సప్తసంతానాలలో ఒకటిగా ఎంచడం మన ధర్మం. విద్వాంసులైన రాజులు ఏలిన నేల ఇది. పెదకోమటి వేముడు స్వయంగా సాహిత్యచింతామణి రచించిన పండితుడు. శ్రీనాథుడు ఆయన ఆస్థానంలో విద్యాధికారి.

ఒక శిథిలాలయంలోనికి వెళ్లాము. గర్భగృహంలో మూర్తి లేదు. పీఠం క్రింద నిధికోసం ఎవరో త్రవ్విన గొయ్యి ఉన్నది. గోడమీద రంగులతో వ్రాసిన ప్రేమికుల పేర్లు. మూలన ఖాళీ సీసాలు. విద్యార్థి ఒకడు, "గురువుగారూ, ఇక్కడ దీపం పెడదామా?" అని అడిగాడు. అంకోర్ వెళ్లకముందు అయితే, మూర్తి లేనిచోట దీపమేమిటని చెప్పి దిగివచ్చేవాడను. ప్రతిష్ఠ లేనిదే అర్చన లేదు, అది నిజం. రక్షిత కట్టడాలలో మన ఇష్టం వచ్చినట్లు పూజలు, నిర్మాణాలు చేయరాదు, అదీ నిజం. కాని ఊడ్వడానికి ఏ అధికారమూ అక్కరలేదు. సమ్మార్జనం కైంకర్యాలలో మొదటిది. దానికి మంత్రం లేదు, వర్ణనియమం లేదు. ఆ వృద్ధురాలు చేసినది అదే గదా. మేము సీసాలు ఏరి సంచిలో వేసుకున్నాము. ఒక్క రాయి కూడా కదపకుండా నేల ఊడ్చాము. అప్పటినుండి ప్రతి పూర్ణిమ మరునాడు వెళుతున్నాము. ఇప్పుడు మాతో ఊరి యువకులు కూడా వస్తున్నారు.

ఆస్తిక మహాశయులకు ఒక విన్నపం. మీ గ్రామాలయంలో పునరుద్ధరణ తలపెట్టినప్పుడు పాత రాయి ప్రతిదానినీ నాలుగువైపులా త్రిప్పి చూడండి. అక్షరం ఉంటే సున్నం కొట్టకండి, రంగు వేయకండి, ఇసుక విసరే యంత్రంతో శుభ్రం చేయించకండి, మెట్టుగా వేయకండి. చదవడం రాకపోతే ఛాయాచిత్రం తీసి, శాసనపరిశోధన తెలిసినవారికి పంపండి. విదేశాలలో శిథిలాలయాలను చూసివచ్చి ఆశ్చర్యపడేవారు, తిరిగివచ్చిన మరునాడు మీ ఊరి చివర పాడుబడిన గుడికి ఒక్కసారి చీపురుతో వెళ్లండి.

మా ఆలయంలో మెట్టు స్థానంలో ఇప్పుడు కొత్త రాయి వేశారు. నలభై ఏళ్లుగా ఆ ద్వారం ఎక్కుతున్న ఒక వృద్ధభక్తుడు మొన్న అక్కడ అలవాటుగా అడుగు ఎత్తి వేసి, కొత్త మెట్టు ఎత్తు తక్కువ కావడంతో తూలి, "ఏమండీ ఆచార్యులవారూ, పాత రాయి ఏమైంది?" అన్నారు. చేయి పట్టుకొని ప్రాకారంలోనికి తీసుకొనిపోయి చూపించాను. ఆయన చెప్పులు దూరంగా విడిచివచ్చి, 'అఖండదీప' అన్న అక్షరాలను వ్రేలితో తడిమి చదువుకున్నారు.

శుభం భూయాత్.